ఆరు గంటల బడి

బెండకాయలు కోస్తుంటే వేళ్లు దురద పెట్టాయి. అప్పటికే చిరాకుగా ఉన్నాను. మా పాప చదువులో వెనకబడుతుందేమోనని సెలవులకు టైంటేబుల్ రాసి గోడకు అంటించి వారమైంది. పాప దాన్ని ఒక్క రోజూ పాటించలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతబడ్డప్పుడు, చేవెళ్లలో టీచరైన మా బాపు పిల్లల కోసం చర్చిలో సొంతంగా క్లాసులు పెట్టాడు. పొద్దున ఆరు గంటలకు. చాపలన్నీ పరిచేదాన్ని, కూర్చునేది నేనొక్కదాన్నే. అందరూ కావాలనే బాపు క్లాసులకు బంద్ పెట్టారనుకొని, నా స్నేహితురాలు రత్నమ్మతో మాట్లాడటం మానేశాను.

చివరికి బాపు నన్ను వెంటబెట్టుకొని వాళ్ల చేనుకే వెళ్లాడు. ఆ ఏడు ఏడో తరగతి పరీక్ష రాయాల్సిన రత్నమ్మ, ఒళ్లో బెండకాయలు నింపుకొని సాళ్ల మధ్య నిలబడి ఉంది.

"చదువు అక్కర్లేదా నీకు?"

"అక్కరున్నది సారూ. ఏడింటికి కూరగాయల బండి పోతది, అందాక తెంపాలె. జర పదింటికి పెట్టుండ్రి, అందరం వస్తం."

"టైము నువ్వు చెప్తవా నాకు?"

ఆ వారమే బాపు క్లాసులు ఆపేశాడు. పిల్లలకే ఫికర్ లేదని ఊరంతా చెప్పాడు. నేను ఇంట్లో ఆయన దగ్గరే చదివి పాసయ్యాను. బడులు తెరిచాక కూడా రత్నమ్మ రాలేదు. బడులు మూసి ఉన్నన్నాళ్లూ పదింటికి ఆ చర్చి ఖాళీగానే ఉండేది. బాపూ ఖాళీగానే ఉండేవాడు.

చేతులు కడుక్కొని గోడ వైపు చూశాను. ఆరింటికి ఎక్కాలు అని రాసి ఉంది. "నన్ను అడిగి రాసినవా మమ్మీ?" అంది మొన్న పాప.

"టైము నువ్వు చెప్తవా నాకు?" నేనూ బాపు మాటే అన్నాను.