మావయ్య కారు ఏ రాష్ట్రానిది

మా ప్రాంతం నుంచి వెళ్ళి తుంగభద్ర కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ళను మీది ఏ ఊరని అడిగితే గుంటూరు జిల్లాలో తాము పుట్టిన పల్లె పేరు చెబుతారు. ఏళ్ళ తరబడి కర్ణాటకలో వరి పండిస్తున్నా, పిల్లలు కన్నడ బడుల్లో చదువుతున్నా ఆ జవాబు మారదు. సింధనూరు చుట్టుపక్కల తమ చేతులతో కట్టుకున్న ఊళ్ళను మాత్రం క్యాంపులు అంటారు, నిన్న గుడారాలు వేసి రేపు ఎత్తేయబోతున్నట్టు. మా మేనమామదీ అదే అలవాటు. దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకునేదాన్ని, ఒక బ్రేకు ఇన్‌స్పెక్టరు మా కారు ఆపేదాకా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను గుంటూరులో డిగ్రీ చదువుతూ కాలేజీ తరఫున చర్చా పోటీలకు వెళ్ళేదాన్ని. ఆ పోటీల్లో ఏ పక్షం మాట్లాడాలో చీటీ తీసి చెబుతారు. మద్యనిషేధం కావాలని ఒక వారం, వద్దని మరో వారం ఒకే ఆవేశంతో వాదించి కప్పులు తెచ్చుకున్నాను. నమ్మిన మాటకోసం వాదించాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. ఏటా వేసవిలో కాలువకు నీళ్ళు ఆపేయగానే తన తెల్లటి పాత డీజిల్ కారులో మా ఇంటికి వచ్చేవాడు. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు అమ్ముడయ్యేదాకా నాన్నకు తోడుగా మిర్చి యార్డుకు తిరిగేవాడు. నీళ్ళు వదులుతున్నారని కబురు రాగానే వెళ్ళిపోయేవాడు. ఆ రోజు అద్దంకి వైపు చుట్టాలింటికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. మావయ్య నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక సీట్లో అమ్మ. చిలకలూరిపేట మిల్లులు ఇంకా కనబడకముందే, రోడ్డు పక్కన జీపు ఆపుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు.

మర్యాదస్తుడే. సి బుక్కు, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ తిప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు. చివరికి నంబరు ప్లేటు వైపు చూస్తూ, “కర్ణాటక బండి. ఏ ఊరండీ మీది?” అన్నాడు.

మావయ్య తడుముకోకుండా మా పక్క పల్లె పేరు చెప్పాడు, తను పుట్టిన ఊరు.

“ఇప్పుడెక్కడికి?”

“ఇంటికేనండి.”

ఇన్‌స్పెక్టరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరు ఇక్కడే, ఇల్లూ ఇక్కడే, పన్ను మాత్రం పక్క రాష్ట్రంలో కడితే ఎలా అని అడిగాడు. ఆయన ఉండేది సింధనూరు దగ్గరని నేను కలగజేసుకున్నాను. “మీరాగండమ్మా. ఆయనే చెప్పాడుగా,” అన్నాడు. మావయ్యకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది మావయ్యే. కారును రవాణా కార్యాలయం ఆవరణలోకి తీసుకుపోయారు. మేం పత్తి మూటల లారీల మధ్య నిలబడి బస్సు ఎక్కి ఇంటికి చేరాం.

సాయంత్రానికి ఊళ్ళో తలా ఒక సలహా ఇచ్చారు. అన్ని సలహాలూ చివరికి ఒక్క మనిషి దగ్గరికే చేరాయి. రవాణా కార్యాలయం ఎదుట టైపు మిషను పెట్టుకుని కూర్చునే ఏజెంటు అతను. నాన్న వెళ్ళి మాట్లాడి వచ్చాడు. పని తేలికట. ఏడాదికి పైగా అక్క ఊళ్ళోనే స్థిరనివాసం ఉంటున్నానని మావయ్య స్టాంపు పేపరు మీద సంతకం చెయ్యాలి. ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. అక్కడి నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తెప్పిస్తే మన జిల్లా నంబరు వస్తుంది. మిగతాదంతా ఏజెంటు చూసుకుంటాడు.

ఈ ఏర్పాటు అందరికంటే ఎక్కువగా నచ్చింది అమ్మకు. “మన నంబరే వేయించరా. ఆ ప్లేటు చూసుకున్నప్పుడైనా ఇక్కడివాడివని నీకు గుర్తొస్తుంది,” అంది. అన్నం వడ్డిస్తూ నవ్వుతూ అన్నా, అది ఆమె ఎన్నాళ్ళుగానో కోరుకుంటున్న మాట.

మావయ్య తలొంచుకుని తిన్నాడు. మర్నాడు కల్లంలో కాయలు తిరగేస్తూ ఉంటే, ఆ సంతకం చెయ్యాలని లేదా అని అడిగాను. కాలువ చివరి భూములకు నీళ్ళు అందవని, తన పొలం ఉన్నది ఆ చివరనేనని నాకు తెలుసు. ఎగువవాళ్ళు తూములు తిప్పుకుంటే దిగువవాళ్ళ తరఫున నీటి సంఘంలో లేచి మాట్లాడేది తనేనని అప్పుడే తెలిసింది.

“నేను లేచినప్పుడల్లా ఎవడో ఒకడు, నువ్వు ఆంధ్రావాడివి, మా కాలువతో నీకేం పని అంటాడు. ఇన్నేళ్ళు ఉండీ ఉండీ ఇప్పుడిప్పుడే ఆ మాట తగ్గింది. గుంటూరు జిల్లాలో కాపురం ఉంటున్నానని నా చేత్తోనే రాసిస్తే, అది అక్కడిదాకా పోదంటావా?” అన్నాడు. ఆ తరవాత, “మీ అమ్మకు చెప్పకు. దానికి అర్థం కాదు, బాధపడుద్ది,” అన్నాడు.

అదీ సంగతి. ఆ సంతకంతో కారు బయటికి వస్తుంది. మావయ్యకు మాత్రం తన కాలువ గట్టు మీద మాట్లాడే హక్కు పోతుంది. ఈసారి నా పక్షం చీటీ తీసి చెప్పింది కాదు.

మా పోటీలకు న్యాయనిర్ణేతగా వచ్చే ఒక వకీలు గారిని అడిగి మోటారు వాహనాల చట్టం పుస్తకం తెచ్చుకున్నాను. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. మా ఇంట్లో ఆ కారు ఎప్పుడూ మూడు నెలలకు మించి లేదు. కానీ ఎదుటి పక్షం చేయగల బలమైన వాదాన్ని ముందు మనమే రాసుకోవాలని మాకు నేర్పారు. రాసుకుంటే అది నిజంగానే బలంగా కనబడింది. రిజిస్ట్రేషను కేంద్రం చేసిన చట్టం, పన్ను రాష్ట్రం చేతిలోది. నంబరు మార్చడానికి ఏడాది గడువున్నంత మాత్రాన పన్నుకూ ఏడాది గడువుందని తేలదు. రాష్ట్రం తన రోడ్డు మీద తిరిగే బండికి పన్ను అడగవచ్చు. ఆ రాత నాకు నచ్చలేదు, అయినా కొట్టేయలేదు. దానికి నా జవాబు ఒకటే: అడిగే హక్కుంటే ఏ నిబంధన కింద, ఎన్ని నెలలకు అడుగుతున్నారో రాసివ్వాలి. రాసిస్తే కడతాం. ఉండని ఊళ్ళో ఉంటున్నామని మాత్రం సంతకం చెయ్యం.

నాన్నకు ఇదంతా పిచ్చిగా తోచింది. “ఆఫీసరుతో వాదించి గెలవగలిగితే నీకు కాలేజీలో కప్పులు కాదే, కలెక్టరు ఉద్యోగమే ఇచ్చేవాళ్ళు,” అన్నాడు. ఏజెంటు దగ్గరికి రానన్నాను. మావయ్య కూడా రానన్నాడు; ఇద్దరం నేరుగా రవాణా అధికారినే కలుద్దామనుకున్నాం. కారు పోతే పోయింది, వీళ్ళేం చేస్తారో చూద్దామని అమ్మ కూడా మాతో బయల్దేరింది. ఆమె మా పక్షమో కాదో బస్సు దిగేదాకా నాకు తెలియలేదు. దిగాక కూడా తెలియలేదు.

అధికారి గది ముందు చాలాసేపు కూర్చోబెట్టారు. కిటికీలోంచి మావయ్య కారు కనిపిస్తోంది, పట్టుబడ్డ ఆటోల మధ్య దుమ్ము కొట్టుకుని. లోపలికి పిలిచాక నేను రాసుకున్నదంతా వరసగా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

“ఏమ్మా, లా చదువుతున్నావా?”

“కాదండీ, బీయస్సీ.”

“మరి సెక్షన్లు చెబుతున్నావు?”

“లా చదివినవాళ్ళకే వర్తిస్తుందని చట్టంలో లేదండీ.”

మావయ్య నా వైపు కంగారుగా చూశాడు. అధికారికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఆయన జవాబు నేను ఊహించినదానికంటే గట్టిది. పన్ను తక్కువున్న చోట ఎవరో చుట్టం పేరున కారు కొనడం, ఇక్కడ తిప్పుకోవడం ఈ జిల్లాలో మామూలైపోయిందన్నాడు. అందరి చేతిలోనూ ఒక బావమరిది ఉన్నాడన్నాడు. “ఈ రోడ్డు గుంటలు పూడ్చేది ఆ బావమరిది రాష్ట్రం కాదమ్మా,” అన్నాడు.

అది నిజం. మా వీధిలోనే అలాంటి కార్లు రెండున్నాయి, వాటి యజమానులు ఏ బావమరిది దగ్గరికీ వెళ్ళింది లేదు. ఆ మాట ఒప్పుకున్నాను. అయితే వాళ్ళు చేసిన పనికి ఈయన చేత అబద్ధం ఎందుకు రాయించాలని అడిగాను. ఆయన ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టు తీసి నా ముందుకు జరిపాడు. సరిహద్దులో సొంత కార్లకు ఎవరూ ముద్ర వేయరు, ఎప్పుడొచ్చిందో బండి చెప్పదు, ఉన్న ఆధారమల్లా యజమాని నోటి మాటే అన్నాడు. తరవాత మావయ్య వైపు తిరిగాడు.

“ఊరు ఇదే అన్నారు. ఇల్లూ ఇదే అన్నారు. ఇప్పుడేమంటారు?”

మావయ్య ముందు అమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

“పుట్టింది ఇక్కడండి. మా ఊరు సింధనూరు దగ్గర క్యాంపు. పొలం అక్కడే, రేషను కార్డు అక్కడే, ఓటు అక్కడే. ఇది మా అక్క ఇల్లు.”

మావయ్య ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. అమ్మ కూడా మొదటిసారే విని ఉంటుంది. అధికారి దానితో తృప్తి పడలేదు. కారు పట్టుబడ్డాక ఎవరైనా ఇలాగే చెబుతారన్నాడు. కారు ఉన్నది ఎవరి వాకిట్లోనో ఆ మనిషే చెప్పాలంటూ అమ్మను అడిగాడు. “మీ తమ్ముడు మీ ఊళ్ళో ఉంటున్నాడా, లేదా?”

ఉంటున్నాడంటే చాలు. అమ్మ కోరుకున్న నంబరు ఆ కారుకు వస్తుంది. చర్చా వేదిక మీద నాకు తెలిసిన ఉపాయాలేవీ అక్కడ పనికిరావు. ఆమెకు నేను చీటీ కూడా అందించలేను.

“ఉంటే బాగుండుననే కదండీ నా ఏడుపు,” అంది అమ్మ. “పెళ్ళయిన ఏడాదికే అక్కడికి పోయాడు. ఇల్లు కట్టుకో, స్థలం ఇస్తామన్నాం, వినలేదు. ఎండాకాలం వస్తాడు. కాలువలో నీళ్ళు పడ్డాయని ఫోనొస్తే చేతిలో అన్నం ముద్ద కూడా వదిలేసి పోతాడు. సంక్రాంతికి రాడు, మా అత్తగారు పోతే దినానికి గానీ రాలేదు. వాడు ఇక్కడ ఉంటాడని మీకెవరు చెప్పారండీ?”

అది తమ్ముడి మీద ఫిర్యాదు. ఏళ్ళ తరబడి ఇంట్లో విన్న ఫిర్యాదే. ఆ గదిలో మాత్రం నేను తెచ్చిన పుస్తకం మొత్తం కంటే అదే పని చేసింది. అధికారి రిపోర్టు మీద ఏదో రాసి సంతకం పెట్టి, కాగితాలు మావయ్య చేతికిచ్చాడు. తరవాత ఊరుకుంటే బాగుండేది, ఊరుకోలేదు. పది రోజుల్లో బండి రాష్ట్రం దాటాలన్నాడు.

“ఆ పది రోజుల గడువు ఏ నిబంధనలో ఉందో రాసివ్వండి సార్.”

“రాసివ్వనమ్మా. వెళ్ళు.”

“అయితే మేం విననట్టేనండి.”

మావయ్య నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. మెట్ల దగ్గర ఏజెంటు టైపు మిషను మీద నుంచి తలెత్తి, మళ్ళీ తన దగ్గరికే వస్తారన్నట్టు చూశాడు. వెళ్ళలేదు.

కారులో ఇంటికి వస్తుంటే అమ్మ దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను గెలిచానని నాకు తెలుసు. ఆ గెలుపు అమ్మ నోటితో, తన తమ్ముడు తన ఊరివాడు కాదని చెప్పించిందనీ తెలుసు. అందుకు ఇప్పటికీ నాకు చింత లేదు. ఆమె చెప్పింది నిజం, నిజం చెప్పినందుకే కారు వచ్చింది.

ఇంటికి రాగానే నాన్న భయపడ్డాడు. పది రోజుల మాట ఎవరో అప్పుడే చేరవేశారు. కారును గడ్డివాము చాటున పెట్టించి, మిరపకాయల మీద కప్పే పట్టా తెచ్చి దాని మీద కప్పించాడు. మావయ్య రేపే వెళ్ళిపోతానన్నాడు.

అమ్మ పెరట్లోకి వచ్చి చూసి పట్టా అంచు పట్టుకుని లాగేసింది. “మబ్బు పట్టింది. పట్టా కాయల మీద ఉండాలా, కారు మీద ఉండాలా?” అని నాన్నను అడిగింది. ఆ తరవాత మావయ్య వైపు చూడకుండానే అంది: “చుట్టం వచ్చాడు. చుట్టం కారు ఎవరైనా దాచుకుంటారా? వాకిట్లో పెట్టమనండి. కాయలు అమ్మేదాకా ఎక్కడికీ పోయేది లేదు.”

తమ్ముణ్ణి చుట్టమనడం ఆమెకూ కొత్తే. మావయ్య తాళం తీసుకుని కారు వెనక్కి తిప్పి, రోడ్డు మీద పోయేవాళ్ళకు నంబరు కనబడేటట్టు వాకిట్లో నిలబెట్టాడు. నీళ్ళు వదిలేదాకా అక్కడే ఉంది.