గుప్పిట్లో పట్టే తాడు

గోదావరి మీద మనుషులను దాటించే తెరచాప పడవ మాది. గాలి ఉంటే మా ఆయన తెరచాప ఎత్తేవాడు, లేకుంటే గెడ వేసేవాడు. ఆ ఏడు తెరచాపను పైకి లాగే తాళ్లు పీచులు లేచి కప్పీలో ఇరుక్కుంటున్నాయి. వానలు పడేలోపు మార్చాలి.

కొత్తవి కొనడానికి ఆయన నన్ను లక్సెట్టిపేట అంగడికి వెంటబెట్టుకుపోయాడు. ఇద్దరు పిల్లలు పుట్టినా పడవ సామాను సంగతి నన్ను ఎన్నడూ అడిగినవాడు కాదు. ఇప్పటికైనా నన్నొక మనిషిగా లెక్కపెట్టాడని మురిసిపోయి, పెట్టెలోని మంచి చీర తీసి కట్టుకున్నాను.

దుకాణదారు మూడు రకాలు ముందు వేశాడు. కొబ్బరి తాడు నీళ్లకు ఓర్చుకుంటుంది గాని అరచేతులు గీరుకుపోతాయి. కొత్తగా వస్తున్న నైలాన్ తాడు తళతళలాడుతోంది, తడి చేతిలో జారిపోతుంది. జనుప తాడుకు మంచి పట్టు ఉంది, కాకపోతే ఎప్పటికప్పుడు ఎండబెట్టుకోవాలి. పురి విప్పి వెలుతురుకు పట్టి చూడనిదే తాడు కొనని మనిషి, ఆ రోజు దేన్నీ చూడలేదు. ఒక్కొక్కటీ నా చేతికిచ్చి "గట్టిగ పట్టి గుంజు" అన్నాడు. అంగడంతా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. అయినా గుంజాను.

చివరికి జనుపదే తీయమన్నాడు, అదీ పాతదానికంటే సన్నది. నాకు ఒళ్లు మండింది.

"గింత సన్నదా? నడి గోదాట్ల తెగితే ఎట్ల?"

"తెగది. లావుది నీ గుప్పిట్ల పట్టది."

"నా గుప్పిటితోని ఏం పని?"

దుకాణదారు అవతలికి పోయేదాకా ఆయన ఆగాడు.

"పోయిన వానకాలం సంది అవుతలి గట్టు కనవడ్తలే నాకు. ఇగ నువ్వే గుంజాలె, నువ్వే చూడాలె."

నాకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏడాదిగా ఒడ్డున మనుషుల మాటలు వింటూ, నీటి చప్పుడును బట్టి పడవ నడిపాడన్నమాట. ఎవరన్నా మెచ్చుకుంటే "కండ్లు మూసుకొని దాటిస్త" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.

"పిల్లలను గూడ ఎక్కిచ్చుకుంటివి గదా" అన్నాను. ఆయన తాడు డబ్బులు కట్టాడు. ఇల్లు చేరేదాకా ఆయనకంటే పది అడుగులు ముందే నడిచాను. తాడు చుట్ట మాత్రం నేనే మోశాను.

కొత్త తాడు కట్టిన రోజు పడవ నిండా మనుషులు. ఆడమనిషి తెరచాప ఎత్తుతోందని ఒకరిద్దరు గుసగుసలు పోయారు. ఆయన వెనక చుక్కాని పట్టుకున్నాడు, నేను తాడు లాగాను. అది నా గుప్పిట్లో సరిగ్గా ఇమిడింది. కోపం అప్పటికీ పూర్తిగా పోలేదు. నడి నీళ్లలోకి వచ్చాక, పడవలో అందరికీ వినపడేటట్టు ఆయన అడిగాడు.

"గట్టు కనవడ్తుందా?"

ఏడాదిగా ఎవరినీ అడగలేకపోయిన మాట అది. పడవలో ఎవరూ నవ్వలేదు.

"కనవడ్తుంది" అన్నాను. "జర ఎడమకు తిప్పు."