బాలింతల వార్డు కెమెరా

రెజిమెంటల్ బజార్ సందులో మా నర్సింగ్ హోమ్. బాలింతల వార్డు పైకప్పుకి ఒక కెమెరా ఉండేది. పసిపిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా పెట్టించారు. అక్కడ కంప్యూటర్లూ నెట్టూ చూసుకునేదాన్ని నేనొక్కదాన్నే. ఆ కెమెరాకి కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డే ఉంది, లోకంలో ఎవడైనా కొట్టగలడు, మార్చేద్దాం సార్ అని డాక్టరుగారి వెంటపడ్డాను.

"మారిస్తే మా ఇంట్లో ఆ కెమెరా చూసే అందరి ఫోన్లలో మళ్ళీ పెట్టాలి కదమ్మా. పండగ వెళ్ళనీ," అన్నారాయన.

పండగ వచ్చింది. ఆయుధపూజ నాడు సాయంత్రం నా గదిలో తెర మీద చూస్తుండగానే ఆ కెమెరా దానంతటది తిరిగింది. తలుపు వైపు ఉండాల్సింది మంచాల వైపు తిరిగి, ఒక తల్లి మీద ఆగి, ఆమెను దగ్గరగా చూపించింది. ఆమె బిడ్డకి పాలిస్తోంది. తిప్పింది నేను కాదు. డాక్టరుగారూ ఇంటిల్లిపాదీ కింద పూజలో ఉన్నారు. మరెవడు?

నెట్ వైరు పీకేద్దామని కిందికి పరిగెత్తాను. అప్పటికే హారతి అయిపోయింది. వైర్లన్నీ కలిసే పెట్టెకి కుంకుమ బొట్లు, బంతిపూల దండ. డాక్టరుగారి అమ్మగారు అడ్డం వచ్చారు.

"అయ్యయ్యో, ముట్టుకోకమ్మా! పూజ చేసినవాటిని రేపు పొద్దున దాకా కదపకూడదు."

"ఎవడో బయటివాడు వార్డులోకి చూస్తున్నాడండీ!"

"గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడుగా?"

డాక్టరుగారి వంక చూశాను. "రేపు చూద్దాంలేమ్మా," అని ఆయన నా చేతిలో ప్రసాదం పెట్టారు. ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. పెద్దావిడని పక్కకి తోసేసి వైరు లాగనా?

వార్డుకి వెళ్ళి, స్టూలెక్కి, కెమెరాకి తువ్వాలు చుట్టాను. ఆ తల్లి లాలాగూడ నుంచి వచ్చిన పిల్ల, తొలికాన్పు. నన్ను చూసి నవ్వింది.

"ఏందక్కా, మూసేస్తున్నరు? మొన్నటి సంది పొద్దుమీకి అది నా దిక్కే తిరుగుతుంది. ముందుగాల జెర భయమైంది. పైనుంచి మీరే చూస్కుంటరని మా ఆయన చెప్పిండు. గప్పటిసంది పరేషాన్ లేదు."

బిడ్డ చెయ్యి పట్టుకుని తువ్వాలు వైపు ఊపించింది.

"రోజూ గిట్ల టాటా చెప్పిస్తున్న. మీరు చూసిన్రు కదా, అక్కా?"

చూశానమ్మా అన్నాను.