చంద్రి తాగని నీళ్ళు

చనిపోయిన రోజు పొద్దున మా అన్న గోడ గడియారానికి సెల్లు మార్చాడు. కుర్చీ మీద నిలబడి, కొత్త సెల్లును అటూ ఇటూ తిప్పి చూసి, "ప్లస్ ఏ దిక్కు పెట్టాలె తమ్మీ?" అని అడిగాడు. చెప్పాను. ముల్లు కదిలేదాకా చూసి కుర్చీ దిగాడు. ఛాతీ బరువుగా ఉందంటూ మంచం మీద ఒరిగాడు. సంతోష్‌నగర్‌లో ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. నేను తలూపాను. అంతకు ముందు నెలల్లో మా ఇంట్లో జరిగినవాటిలాగే అది కూడా నాకు సరిగ్గా అర్థం కాలేదు.

అన్న పేరు బుచ్చయ్య. మాది పాల వ్యాపారం. నాయన ఉన్నప్పుడు ఇంటి వెనక కొట్టం నిండా బర్రెలుండేవి. నేను చదువుకుని బడిపంతులునయ్యాను. అన్న పాలక్యానుతోనే ఉండిపోయాడు. ముందు సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద దబీర్‌పురా గల్లీలన్నీ తిరిగేవాడు. పరదా వెనక నుంచి గిన్నె చాపే ముసలమ్మలు ఈరోజు నీళ్ళెన్ని కలిపావు భాయ్ అని ఆటపట్టిస్తే, "నల్లా హీ నై ఆయా అమ్మా, పానీ కాఁ సే లావూఁ?" అని, నల్లానే రాకపోతే నీళ్ళెక్కణ్ణుంచి తేవాలనేవాడు. వాళ్ళు నవ్వి గిన్నె ఇంకాస్త ముందుకు చాపేవాళ్ళు. గడ్డి దొరక్క, చుట్టూ మేడలు లేచి, బర్రెలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి చంద్రి ఒక్కటే మిగిలింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది దానికి.

అన్న కొడుకు రవీందర్ కంప్యూటర్ల పని తెలిసినవాడు. ఉద్యోగం పోయాక, కొట్టం పక్కన ఖాళీగా ఉన్న గడ్డిగదిలో ఇనుప అరల మీద వరసగా మెషీన్లు పెట్టాడు. పగలూ రాత్రీ హోరుమనేవి. మొదటి రోజు అన్న తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"ఏం జేస్తయిరా ఇవి?"

"లెక్కలు జేస్తయి బాపూ."

"ఎవలయి?"

"ఎవలయీ గావు. లెక్క కుదిరితే మనకు కాయిన్ వస్తది, ఆన్‌లైన్ల అమ్ముకోవచ్చు."

"ఏదీ, సూపెట్టు."

"సూపెట్టేది గాదు బాపూ అది."

అన్న నా వైపు చూశాడు, చదువుకున్నవాణ్ణి కదా అని. నేను లలితమ్మ వదిన వైపు చూశాను.

రవీందర్ అజాగ్రత్త మనిషి కాదు. దరఖాస్తు పెట్టి త్రీఫేజు లైను తెప్పించాడు. లావుపాటి రాగి వైర్లు వేయించాడు. మెషీన్ల కరెంటు లోడును మూడు ఫేజులకూ సమంగా పంచాడు. ఒక్కటే తంటా. కరెంటు లీకైతే పడిపోవలసిన స్విచ్చు మాటిమాటికీ పడిపోయేది. వైరింగు చేసిన పెంటయ్య, ఆ స్విచ్చు మరీ సుకుమారమని దాన్ని తప్పించి నేరుగా కలిపేశాడు. బదులుగా ఎర్తింగు గట్టిగా ఉండాలన్నాడు. మెషీన్ల ఎర్తు వైరును కొట్టంలోని ఇనుప నీళ్ళ పైపుకు బిగించాడు. మా గల్లీలో చాలా ఇళ్ళల్లో అదే పద్ధతి. "ఇగ ఫికర్ లేదు" అన్నాడు. మాకు ధైర్యం వచ్చింది.

ఆ పైపు కొస చంద్రి నీళ్ళు తాగే సిమెంటు గోలెంలోకి వంగి ఉండేది.

కొద్దిరోజులకే చంద్రి నీళ్ళు మానేసింది. దాహంతో గోలెం దాకా వచ్చేది. మూతి పెట్టేది. వెంటనే తల విదిలించి, కాళ్ళు తొక్కుకుంటూ వెనక్కి పోయేది. అన్న గోలెం తోమాడు, సున్నం కొట్టాడు, నీళ్ళు మార్చాడు. పశువుల డాక్టరు నోరు తెరిపించి చూసి ఏమీ లేదన్నాడు. వదిన దిష్టి తీసింది. బకెట్‌తో పెట్టి, మెడ నిమురుతూ బతిమాలితే కాసిన్ని తాగేది, అదీ బెదురుతూనే. పాలు తగ్గిపోయాయి. డొక్కలు లోపలికి పోయాయి.

మెషీన్ల మీద అనుమానం రాకపోలేదు. అన్న అడిగితే రవీందర్ ఫోనులోనే వాటిని ఆపాడు. హోరు ఆగింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. చంద్రి వచ్చి, మూతి పెట్టి, మళ్ళీ అట్లాగే బెదిరింది. పెంటయ్య టెస్టరు తెచ్చి పైపుకు ఆనించాడు, వెలగలేదు. అన్న రబ్బరు చెప్పులతో నిలబడి గోలెంలో మోచేతిదాకా చెయ్యి ముంచి చాలాసేపు ఉంచాడు. ఏమీ తెలియలేదు.

"మెషీన్లు గాదు, కరెంటు గాదు, రోగం గాదు," అన్నాడు నాతో, తడి చెయ్యి తుడుచుకోకుండానే. "మరి నేనే గదా తమ్మీ. నా చెయ్యే దానికి గిట్టుతలేదు."

అట్లా అనుకోవద్దన్నాను.

కళ్ళముందు ఎండిపోతుంటే చూడలేక, పహాడీషరీఫ్ అవతల బర్రెలు పెంచే వైకుంఠం అనే ఆయనకు చంద్రిని అమ్మేశాడు. అన్న తాడు పట్టుకుని వ్యాను ఎక్కించాడు. తర్వాత రోజూ ఫోను చేసి, నీళ్ళు తాగుతున్నదా అని అడిగేవాడు. కొత్త జాగ గదా, చూద్దాం అనేవాడు వైకుంఠం. ఫోను పెట్టేశాక అన్న అరచేతులు తిప్పి చూసుకునేవాడు. అన్నం తగ్గించాడు. పాలక్యాను ముట్టలేదు.

అన్న పోయాక దినాలకు వంటలు కొట్టంలోనే పెట్టాం. గిన్నెలు తోముతున్న నాగమణమ్మ వట్టికాళ్ళతో బురదలో నిలబడి గోలెంలో చెయ్యి పెట్టి, చటుక్కున తీసుకుంది. జుమ్మంటున్నదంది. డానియేలు అనే కరెంటు మనిషిని వదిన తమ్ముడు పిలుచుకొచ్చాడు. అతను మీటరు పెట్టి చూశాడు. మెషీన్లలో ఒక్కోదాని నుంచి కొద్దికొద్దిగా కరెంటు ఎర్తు వైరులోకి జారుతుందట. ఫోనులో ఆపినా, ప్లగ్గు ఉన్నంతసేపు జారుతూనే ఉంటుందట. మా పైపు మేడమీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వస్తుంది. భూమిలోకి దిగదు. దారి లేని ఆ కరెంటు గోలెం నీళ్ళలోకి చేరింది. టెస్టరు వెలిగేంత లేదు, చెప్పులున్న మనిషికి తెలిసేంత లేదు. తడి నేల మీద నాలుగు కాళ్ళతో నిలబడి మూతి ముంచే బర్రెకు తెలుస్తుంది. ఏదైనా మెషీను పూర్తిగా చెడిపోయి ఉంటే మనుషులే పోయేవాళ్ళని, తీసేసిన స్విచ్చు మాటిమాటికీ పడింది ఈ జారే కరెంటు వల్లేనని చెప్పాడు. రవీందర్ లేచి వెళ్ళి మెయిన్ దించాడు.

మా అన్న గుండెకూ దీనికీ సంబంధముందా అని అడిగాను. లేదన్నాడు డానియేలు. అతను కరెంటు సంగతి చెబుతున్నాడు. నేనడిగింది అదో కాదో నాకే తెలియదు.

భోజనాల బంతి లేచాక, దినాలకొచ్చిన వైకుంఠాన్ని పక్కకు పిలిచాను. చంద్రి ఎప్పటినుంచి నీళ్ళు తాగుతున్నదని అడిగాను.

"బండి దిగంగనే అన్నా," అన్నాడు. "తల ఎత్తకుంట తొట్టి ఖాళీ జేసింది."

మరి మా అన్న రోజూ అడిగితే ఎందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే మళ్ళ తోలుకపోతడేమో అనుకున్న."