వాకిలి లేని ఆల్చిప్పల ఇల్లు

ఇంటి నుంచే పని చేసుకోమన్నారని నేను పాకాలలో మా వాళ్ల దగ్గరకు వచ్చేశాను. నా పని కొంచెం విచిత్రమైనది. సముద్రంలో బాగా లోతున, వెలుతురు సరిగా అందని చోట, ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని దిబ్బలు కడతాయి. ముసలివి చచ్చిపోతే వాటి చిప్పల మీదే పిల్లలు కాపురం పెడతాయి. ఆ సందుల్లో ఇంకేమేమి జీవులు ఉంటున్నాయో కెమెరా తీసిన వీడియోలు చూసి చెప్పాలి.

మా నాయన మేస్త్రీ. మోకాళ్ల నొప్పులతో పని మానేసి ఇంట్లో ఉన్నాడు. ఒక పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడి లాప్‌టాప్‌లోకి చూశాడు.

"ఏంది పాపా అది? యాడన్నా ఇల్లు కూలిందా?"

"కూలలేదు నాయనా. ఆల్చిప్పలు కడతాండాయి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తూకంగుండు పెట్టకుండా కట్టినట్టుండాది. ఆ మూల సూడు, ఎట్ల వంగిపోయిందో."

ఆ రోజు నుంచి ఆయనకూ అదే ఉద్యోగం. సందులోంచి ఎండ్రకాయ తొంగిచూస్తే "బాడుగకుండాడు" అనేవాడు. చేప దూరి వెళ్లిపోతే "సుట్టం" అనేవాడు. అంతటితో ఆగక పూతలపట్టు నుంచి తన పాత జతగాణ్ణి, ఇంకో మేస్త్రీని, పిలిపించాడు. ఆయన వీడియోను చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"వాకిలి యాడుండాదప్పా దీనికి?"

"అన్ని పక్కలా ఉండాదబ్బా."

"అట్లయితే వాస్తు తప్పు."

"తప్పయితే ఇంతమంది సంసారం ఎట్ల చేస్తాండారు?"

పూతలపట్టు మేస్త్రీ ఇంకోసారి తల అడ్డంగా ఊపి, భోంచేసి వెళ్లిపోయాడు.

మా అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టదు. ఒక మధ్యాహ్నం తమలపాకు నములుతూ మా ఇద్దరినీ తిట్టిపోసింది. "ఆ నత్తల్ని ఎత్తుకోని వరండాలోకి పోండి. అన్నం తినే సోట ఏందిది?"

నాయన తల కూడా తిప్పలేదు. "నువ్వు ఆకుకు పూసుకున్న సున్నం దేంతో సేస్తారనుకుంటాండావు?"

"రాయితో."

"ఇట్లాంటి గుల్లల్నే కాల్చి సేస్తారు. ఇన్నేండ్లూ సత్యవేడు పక్కనుంచి నేనే గదా తెచ్చిస్తాండేది."

అమ్మ దవడ ఆగిపోయింది. పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి, బిందెడు నీళ్లతో పుక్కిలించింది. ఆ వారమంతా ఆకు వేసుకోలేదు. దాంతో ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది. పాలు పోసేవాడు కూడా గేటు బయటే చెంబు పెట్టి పోయేవాడు.

చివరికి నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. "కాల్చేటప్పుడు లోపల అవి ఉంటాయా?"

"ఉండవమ్మా. చచ్చిపోయినవాటి చిప్పలే ఏరుకొస్తారంట."

"అంటే ఖాళీ ఇండ్లే కదా."

"ఖాళీవే."

అమ్మ ఆకు తీసి, సున్నం రాసుకుంది. నములుతూ వచ్చి మా పక్కన కూర్చుంది. అప్పుడే దిబ్బ సందులోంచి ఒక ఆక్టోపస్ మెల్లగా చేయి చాపింది. ఎవరో కొత్తవాళ్లు ఇంట్లోకి వచ్చినట్టు మా అమ్మ గబుక్కున కొంగు సర్దుకుంది.