దేవవ్వకు కుట్టిన సీట్లు

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తా దాటాక, యాకూబు మెకానిక్ షెడ్డును ఆనుకొని సిద్దిరాములు దుకాణం ఉంది. బండ్ల సీట్లకు కవర్లు తొడిగేవాళ్లు ఊళ్లో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. కానీ బండి మీద కూర్చుంటే నడుము పట్టేస్తోందనీ, తొడలు తిమ్మిరెక్కుతున్నాయనీ బాధపడేవాళ్లంతా వెతుక్కుంటూ సిద్దిరాములు దగ్గరికే వస్తారు. మాచారెడ్డి నుంచి పాలు తెచ్చేవాళ్లు, బిచ్కుంద దాకా తిరిగే మందుల కంపెనీ మనుషులు, ఆఖరికి పోచారం అడవి బీటు చూసే గార్డులు కూడా.

వచ్చినవాణ్ని ముందు వాడి బండి మీదే కూర్చోబెట్టి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. వెనక్కి వెళ్లి నిలబడి చూసేవాడు.

"కుడిదిక్కు ఒరుగుతున్నవు తమ్మీ. ఎనక జేబులకెళ్లి పర్సు తీయ్. సగం నొప్పి దానిదే."

తర్వాత పాత కవరు ఊడదీసి, ఫోమును హాక్సా బ్లేడుతో కోసి, గ్రైండరుతో నునుపు చేసి, బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కి చూసుకునేవాడు. ఆ పైన కొత్త రెక్సిన్ కుట్టడం భార్య దేవవ్వ పని. ఆమె కుట్టు గీత గీసినట్టు వచ్చేది. వానలో నానినా దాంట్లోకి చుక్క నీరు దిగేది కాదు.

ఇల్లు మాత్రం ఎల్లారెడ్డిలో. అక్కడ ముప్పై గుంటల పొలం, రెండు గదుల ఇల్లు ఉన్నాయి. వాటిని వదిలి రావడానికి దేవవ్వ ఒప్పుకోలేదు. అందుకే ఇరవై రెండేళ్లుగా ఇద్దరూ పొద్దున్నే సద్ది కట్టుకొని బండెక్కేవాళ్లు. లింగంపేట, తాడ్వాయి మీదుగా నలభై కిలోమీటర్ల పైనే. మళ్లీ సాయంత్రం అంత దూరం. దారి పొడవునా దేవవ్వ వెనక నుంచి మాట్లాడుతూనే ఉండేది. గాలికి సగం వినపడకపోయినా సిద్దిరాములు ఊ కొడుతూ ఉండేవాడు.

ఒక ఏడు బతుకమ్మ పండుగ అయిపోయిన వారానికి, తాడ్వాయి దాటాక దేవవ్వ మాట ఆపేసింది. కొంచెం దూరం పోయాక అతని భుజం తట్టింది.

"లత బాపూ, జర బండాపు. నడుం గుంజుతుంది."

కూతురు సాయిలత పుట్టినప్పటి నుంచి అతన్ని ఆమె అట్లాగే పిలిచేది. సిద్దిరాములు బండి ఆపాడు. ఆమె దిగి, చేతులు నడుముకు ఆనించుకొని అయిదు నిమిషాలు నిలబడింది. అతను ఆమె వంక కాదు, సీటు వంక చూశాడు. వెనక భాగంలో ఫోము అణిగిపోయి గుంట పడి ఉంది. ఊరందరి సీట్లూ బాగుచేస్తూ తన బండిని ఏండ్లుగా పట్టించుకోలేదని సిగ్గేసింది.

"నా తప్పేనే. రేపే మార్చేస్త," అన్నాడు.

మర్నాడు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆమెకు కొత్త సీటు చేశాడు. రెండంగుళాల మందం పెంచాడు. పది రోజులు బాగానే ఉందంది దేవవ్వ. తర్వాత మళ్లీ గుంజుడు మొదలైంది. ఈసారి వెన్నుపూస కింద ఆనకుండా మధ్యలో చిన్న పల్లం కోశాడు. దానితో కొన్నాళ్లు గడిచింది. మూడోసారి వెనకాల ఆనుకోవడానికి ఇనుప చట్రం కట్టించి మెత్త తొడిగాడు.

అయినా తగ్గకపోతే, పక్కకు తిరిగి కూర్చోవడం వల్ల నడుము మెలిపడుతోందని తేల్చాడు.

"నువ్వు మొగోళ్ల లెక్క అటు కాలు ఇటు కాలు ఏసి కూసోవాలె."

"చీరెతోనా?"

"లత డ్రెస్సు ఏస్కో."

నలభై ఎనిమిదేళ్ల దేవవ్వ పెండ్లయిన నాటి నుంచి చీర తప్ప కట్టి ఎరగదు. అయినా కూతురు వదిలివెళ్లిన పంజాబీ డ్రెస్సు తొడుక్కొని, చున్నీ తల మీదికి లాక్కొని బండెక్కింది. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఎరిగినవాళ్లు ఆగి మరీ చూశారు. "దేవవ్వా, కాలేజీకా?" అని ఎవరో అరిస్తే, ఆమె లింగంపేట వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వింటూ, ఈసారి నొప్పి పోయినట్టేనని సిద్దిరాములు అనుకున్నాడు.

పోలేదు. హైదరాబాదు నుంచి జెల్ ప్యాడు తెప్పించి ఫోము లోపల పెట్టాడు. యాకూబు చేత వెనక షాకప్సర్లు మార్పించాడు. మందుల దుకాణంలో అడిగి గోలీలు తెచ్చాడు. అవి వేసుకున్న పూట ఊరట, లేని పూట మామూలే. ఈ లోపల దేవవ్వ మిషను దగ్గర ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. మధ్యాహ్నాలు దుకాణం వెనక ఫోము షీట్ల మీద వాలుతోంది, కానీ వాలిన వెంటనే లేచి గోడకు ఆనుకుంటోంది. ముఖం పాలిపోయింది. మనిషే కురచైనట్టు, మడమల దాకా ఉండే కూతురి డ్రెస్సు ఇప్పుడు నేలకు తాకుతోంది.

ఒకరోజు యాకూబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సిద్దన్నా, వదినను ఒక్కసారి దవాఖానల చూపెట్టరాదు?"

"రోజు ఎనభై కిలోమీటర్లు బండి మీద తిరుగుతే ఎవలికి నొయ్యదు? పెద్ద డాక్టరైనా ఏం జెప్తడు, బండెక్కకు అంటడు. ఈసారి ఫోము డెన్సిటీ మారుస్తున్న. సూడు నువ్వే," అన్నాడు సిద్దిరాములు.

దేవవ్వ అప్పుడు అక్కడే ఉంది. తల వంచుకొని మిషను సూదిలోకి దారం ఎక్కించింది.

ఆరో సీటు చేసిన నెలకు, శ్రావణంలో ఒక ఉదయం దేవవ్వ నీళ్ల బిందె ఎత్తబోయి అక్కడే కూలబడింది. సిద్దిరాములు పరుగెత్తి లేపబోతే కాళ్లు నిలవలేదు. "కాళ్లు నావి కానట్టున్నయి" అంది, భయపడుతూ. మాచారెడ్డి దగ్గరి పల్లెలో ఉండే సాయిలత కబురు విని వచ్చింది. కారు మాట్లాడుకొని ముందు కామారెడ్డికి, అక్కడివాళ్లు రాసిచ్చిన కాగితంతో హైదరాబాదుకు తీసుకుపోయారు.

అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ తండ్రీకూతుళ్లను కూర్చోబెట్టింది. జబ్బు ఎముకల లోపలి మూలుగలో ఉందనీ, అదీ ఒకరకం క్యాన్సరేననీ, వెన్నుపూసలను తినేస్తూ వచ్చిందనీ, రెండు పూసలు అణిగిపోయాయనీ చెప్పింది.

"నొప్పి ఎప్పటి నుంచి ఉంది?"

"బతుకమ్మ పండుగ నుంచి మేడం," అన్నాడు సిద్దిరాములు.

"అంటే పది నెలలు. ఈ పది నెలలు ఏం చేశారు?"

అతను రిపోర్టుల కవరును ఒళ్లో సర్దుకున్నాడు.

"సీటు మార్చిన మేడం."

"ఏ సీటు?"

అతను కూతురి వంక చూశాడు. సాయిలత చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. కూర్చుంటే వచ్చి, పడుకుంటే తగ్గే నొప్పి వేరు, పడుకున్నా వదలని నొప్పి వేరు, రెండోది వస్తే ఆలస్యం చేయకూడదని మాత్రం నెమ్మదిగా అంది. ముందే వస్తే ఏమయ్యేదని సిద్దిరాములు అడిగాడు. ఆమె కాగితాలు మూసి పక్కన పెట్టింది.

"పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు. కానీ మందులతో ఇంకొన్నేండ్లు నడిచి తిరిగేవారేమో."

ఆ 'ఇంకొన్నేండ్లు' అన్న మాట సిద్దిరాములు లోపల దిగబడిపోయింది. మందు ఎక్కించుకొని ఎల్లారెడ్డికి తిరిగొచ్చాక దుకాణం తలుపు తీయలేదు. బండిని అరుగు పక్కన గోడకు ఆనించి, చూడకుండా ఉండటానికి దాని మీద టార్పాలిన్ కప్పాడు. తన చేతులంటేనే అసహ్యం పుట్టింది. నొప్పి ఎక్కడుందో వేలితో నొక్కి చెప్పగలనని ఎంతమంది దగ్గర గొప్పలు పోయాడో లెక్కలేదు.

దేవవ్వ మంచం మీద ఎటూ ఒత్తిగిల్లలేకపోయేది. మూడు రోజులు చూసి, సిద్దిరాములు కామారెడ్డికి బస్సులో పోయి ఫోము ముక్కలు తెచ్చాడు. మోకాళ్ల కిందికి ఒకటి, నడుము పక్కన రెండు, మడమలు పరుపుకు ఆనకుండా సన్నటిది ఒకటి కోశాడు. కోయడానికి భయమేసింది. ప్రతి ముక్కా ముందు తన కింద పెట్టుకొని చూసుకున్నాడు. అవన్నీ అమర్చాక దేవవ్వ కళ్లు మూసుకొని, ఎన్నో రోజుల తర్వాత, మధ్యాహ్నమంతా కదలకుండా నిద్రపోయింది. అతను పక్కన కూర్చొని ఈగలు తోలుతూ ఏడ్చాడు.

ఇంకో మధ్యాహ్నం, సాయిలత వాకిట్లో బట్టలు ఉతుకుతుంటే, దేవవ్వ అతన్ని దగ్గరికి రమ్మంది.

"నా మొకం జూస్తలేవేంది?"

"ఏ మొకం పెట్టుకొని సూడాలె? సీటు, సీటు అనుకుంట నీ పానం మీదికి తెస్తి."

దేవవ్వ తల అతని వైపు తిప్పింది.

"అది సీటు కాదని నాకు మూడో సీటుకే ఎరుక," అంది.

సిద్దిరాములు తలెత్తాడు.

"మరి చెప్పకపోతివి?"

"దవాఖానకు పోతే ఏం బయటపడ్తదో అని గజగజ వణికిన. మా అవ్వ గిట్లనే నడుము అనుకుంటనే పోయింది. నువ్వు సీటు ముందటేస్కొని, కోసుడు, నొక్కుడు జేస్తుంటే, ఇది మన చేతుల ఉన్నదే, బాగయ్యేదే అనిపిస్తుండె. ఆపమనబుద్ది కాలే."

"నన్ను తిట్టరాదు ఒక్కసారి."

"ఆఖరు సీటు మంచిగనే ఉండె," అంది దేవవ్వ, అతని చేతి మీద చెయ్యి వేసి.

అది నిజమో, అతని బరువు తగ్గించడానికి అన్నదో సిద్దిరాములుకు అంతుపట్టలేదు. మళ్లీ అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ మాట కూతురికి కూడా చెప్పలేదు. సంక్రాంతి ఇంకా రెండు వారాలుందనగా దేవవ్వ కన్నుమూసింది.

ఉగాది దాకా అతను ఇల్లు కదల్లేదు. చివరికి యాకూబే ఎల్లారెడ్డి వచ్చి, ఎదురుగా కూర్చొని, "పని లేకుంటే నువ్వు గూడ పోతవు సిద్దన్నా. నేనొక్కణ్ని ఆడ ఎవలితో ముచ్చట పెట్టాలె?" అని పట్టుబట్టి బస్సెక్కించాడు. దుకాణం తెరిచారు. కవర్లు తనే కుట్టసాగాడు. కుట్టు వంకర పోతోంది. ఒక్కో సీటుకు రెండుసార్లు ఊడదీయాల్సి వచ్చేది. వచ్చినవాళ్లెవరూ ఏమీ అనలేదు. కొందరు దేవవ్వ ఏదని అడిగి, విని, చెప్పులు చూసుకుంటూ నిలబడేవాళ్లు.

ఎండాకాలంలో వంశీ అనే కుర్రవాడు వచ్చాడు. బాన్సువాడ దాకా పార్సిళ్లు వేసే పని. నడుము నొస్తోంది, జెల్ సీటు కావాలన్నాడు. సిద్దిరాములు బండి చుట్టూ తిరిగాడు, వెనక నిలబడి చూశాడు. కుర్రవాడు నిటారుగానే కూర్చున్నాడు.

"పండుకుంటే తక్కువైతదా?"

"లేదంకుల్. పండుకున్నా ఉంటది."

సిద్దిరాములు చేతిలోని బ్లేడు బల్ల మీద పెట్టేశాడు.

"నేను సీటు చెయ్య. ముందు పోయి డాక్టరుకు చూపెట్టుకో. రిపోర్టు దెచ్చి నాకు సూపెట్టు, అప్పుడు చేస్త."

"నాకు డ్యూటీ ఉంది. నువ్వు చేస్తవా, చెయ్యవా?"

"చెయ్య బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, పోయి చూపెట్టుకో."

వంశీ అతన్ని వింతగా చూశాడు. పిచ్చోడిలా ఉన్నాడని గొణుక్కుంటూ బండి తిప్పుకున్నాడు. సిద్దిరాములు రోడ్డు దాకా వెంటపడి, ఆపి, ఫోను నంబరు అడిగి రాయించుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఫోను చేశాడు. ఎత్తలేదు. వారం పోయాక ఇంకోసారి చేశాడు. "ఎవలన్నా నువ్వు? ఓ, ఆ సీటు అంకులా. వేరే దగ్గర చేయించుకున్న" అని పెట్టేశాడు వంశీ.

"ఎన్నిసార్లు జేస్తవ్ సిద్దన్నా? వాడు ఏమన్నా అనుకుంటడు," అన్నాడు యాకూబు.

"అనుకోనియ్," అన్నాడు సిద్దిరాములు. నంబరున్న కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, వచ్చే సోమవారం మళ్లీ చేద్దామనుకుంటూ ముందున్న సీటు కవరు ఊడదీయసాగాడు.