పదిహేడో నంబరుకు అడ్డమొచ్చిన గేదె

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు నా మంచం మీద చేరి, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి, సముద్రాల అవతల ఎక్కడో జరుగుతున్న సైకిల్ పందెం పెట్టింది. మూడు వారాలపాటు రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుకుంటూ పోయే ఆ పందేన్ని మేమిద్దరం రెండేళ్లుగా ఒక్కరోజు వదలకుండా చూస్తున్నాం. దానికి ఆ కొండలూ కోటలూ ఇష్టం, నాకు ఆ మనుషుల పిక్కలు చూస్తే జాలి. ఆ రోజు ముందున్న గుంపు ఒక పల్లె మలుపు తిరుగుతుండగా, రోడ్డు పక్కన జెండా ఊపుతున్న ఒకావిడ సంబరం పట్టలేక రెండడుగులు ముందుకేసింది. కర్ర ఒకతని చేతికి తగిలింది, అతను పడ్డాడు, అతని మీద ఇంకో నలుగురు పడ్డారు. ఆవిడ ముఖం దగ్గరగా చూపించారు. మళ్లీ చూపించారు. నెమ్మదిగా నడిపించి ఇంకోసారి చూపించారు.

"ఇట్లాంటోళ్లని రోడ్డు కాడికే రానీకూడదు అమ్మమ్మా" అంటూ మా పిల్ల ఆ ఫోనులోనే ఏదో టకటకా కొట్టేసింది. ఏం రాశావే అంటే చదివి వినిపించింది. ఆ మాటలు ఇక్కడ రాయించను, ఇంట్లో పెరిగిన పిల్ల మాటల్లా లేవు. నోటుపుస్తకం తెచ్చుకోమన్నాను, నేను చెప్తుంటే రాయమన్నాను. ఎవరి గురించి అని అడిగింది. నేను కింద పడేసిన మనిషి గురించి అన్నాను.

నా ఈడువాళ్లకు తెలుసు, మా కాలంలో సైకిలంటే మగవాడి హోదా. మా నాన్నావాళ్లు కాలవ నీళ్లు వస్తున్నాయని విని, కోస్తాలో ఉన్న కాస్తా అమ్ముకుని కన్నడ దేశంలో సిరుగుప్ప దగ్గరి ఈ క్యాంపుకు, అంటే వలస రైతులు కట్టుకున్న ఊరికి, వచ్చినప్పుడు బండి మీద తెచ్చుకున్న వస్తువుల్లో పందిరి మంచం లేదు, ఇత్తడి గంగాళం లేదు, నాన్న సైకిలు మాత్రం ఉంది. వెనక ఇనప క్యారియరు, ముందు లైటు, మడుగార్డుకు ఎర్ర రంగు. పొలానికి ఎరువు బస్తా మోసినా, నన్ను బడికి మోసినా అదే. ఇక్కడివాళ్లు మమ్మల్ని చూసి, ఈ కోస్తావోళ్లు గుడిసెలో పండుకుంటారు గానీ సైకిలుకి మాత్రం రంగేస్తారప్పా అని నవ్వుకునేవాళ్లు.

నాకు పద్నాలుగో ఏడు జరుగుతున్నప్పుడు మొదటిసారి ఒక సైకిల్ పందెం మా రోడ్డున వచ్చింది. అయిదు రోజుల పందెం. తొక్కేవాళ్లు సరదాకి తొక్కేవాళ్లు కాదు. మిల్లులవాళ్లూ సైకిలు కంపెనీలవాళ్లూ జీతాలిచ్చి పెట్టుకున్నవాళ్లు, తొక్కడమే వాళ్ల ఉద్యోగం. మూడో రోజు సింధనూరు వైపు నుంచి బయలుదేరి, సిరుగుప్ప దాటి, మా క్యాంపు ముందు నుంచే బళ్లారికి పోయేవాళ్లు. మొదటి ఏడు మేమేదో జాతర చూసినట్టు చూశాం. అప్పుడే మా ఇంటి ముందర ఒకతని చక్రంలో గాలి పోయింది. వీపు మీద పదిహేడు అని అంకె. అతను వంగి చక్రం మారుస్తుంటే నేను చెంబుతో మజ్జిగ తీసుకెళ్లి ఇచ్చాను. గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఉప్పు సాల్లేదు పాపా, వచ్చే ఏడు బాగా ఎయ్యి" అని ఎక్కి వెళ్లిపోయాడు. కంప్లి వైపు మనిషని తర్వాత తెలిసింది. అంతే. ఆ ఒక్క మాటతో ఆ మనిషి నావాడైపోయాడు. మా అన్నయ్యో మేనమామో పందెంలో ఉన్నట్టు.

రెండో ఏడు పందెం మొదలైనప్పటి నుంచి నాకు తిండి మీద ధ్యాస లేదు. టీవీలు లేవు, మాకు రేడియో కూడా లేదు. బళ్లారి నుంచి పొద్దున వచ్చే బస్సు కండక్టరే నా వార్తలు. కన్నడ పేపరు ఒకటి కిటికీలోంచి పడేసి, పేపరు కంటే ముందు తనే చెప్పేసేవాడు: "మీ హదినేళోడు ఈ పొద్దు గూడ ముందుండాడు పాపా." హదినేళు అంటే పదిహేడు. మా పెద్దవాళ్లకు కన్నడం చదవడం రాదు, మేం పిల్లలం మాత్రం కన్నడ బడిలో చదివినవాళ్లం కాబట్టి, ఆ మూలన వేసిన నాలుగు వరసలు నేనే చదివి చెప్పాలి. వడ్ల కొట్టు గోడ మీద బొగ్గుతో ఎవరు ఎన్ని గంటల్లో చేరారో రాసి, ఏ రోజుకారోజు కూడేదాన్ని. నాన్నకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ముందు చేరినవాడు గెలిచినట్టు కాదా, మళ్లీ ఈ కూడికలేమిటి అనేవాడు. కోతల్లో ఒక్కరోజు ఎవరు ముందు గట్టెక్కారని కాదు కదా నాన్నా, చేను మొత్తం ఎవరు ముందు ముగించారని కదా చూస్తాం అంటే, అప్పుడు తల ఊపాడు. మా పదిహేడో నంబరు రెండు రోజులకు కలిపి మూడు నిమిషాలు ముందున్నాడు. ఈసారి గెలిస్తే అతని మిల్లువాళ్లు ఉద్యోగం ఖాయం చేస్తారట, లేకపోతే పందేలున్నన్నాళ్లే జీతమట. అదీ కండక్టరే చెప్పాడు.

అది వడ్లు ఇంటికొచ్చే కాలం. మా వైపు తారు రోడ్డంటే సగం బస్సులకు, సగం వడ్లకు. అంచున రాళ్లు పేర్చి మైలు పొడుగునా ఆరబోసేవాళ్లం, లారీలు ఆ పక్కనుంచి వంగివంగి పోయేవి. ముందురోజు జీపులో మైకు పెట్టుకుని వచ్చి, రోడ్డు మీద గింజ ఉండకూడదు, సైకిళ్లు జారతాయి అని చెప్పిపోయారు. ఎవరు విన్నా వినకపోయినా మా క్యాంపు విన్నది. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. తెల్లారేసరికి రాళ్లు తీసేసి, గింజలన్నీ ఎత్తేసి, ఆడవాళ్లమంతా చీపుళ్లు పట్టుకుని కాలవ వంతెన దాకా ఊడ్చేశాం.

ఊడ్చాక ఆ రోడ్డు బోసిగా కనిపించింది. చుట్టాలొస్తుంటే వాకిలి అలా ఉంచుతామా అంది మా నాయనమ్మ. దాంతో తలా ఒక బక్కెట పేడనీళ్లు తెచ్చి, రోడ్డుకు అడ్డంగా కళ్ళాపి చల్లి, మలుపు దగ్గర బారెడు ముగ్గు పెట్టాం. పొద్దున బస్సు అక్కడ ఆగితే కండక్టరు తల బయటపెట్టి, "ఏందప్పా ఇది, రోడ్డుకి పెండ్లి చేస్తాండారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎనిమిదింటికల్లా ఎండ వచ్చి అదంతా ఆరిపోయింది. ఆ మాట మరీ మరీ రాయమంటున్నాను మనవరాలిని: అందరూ చల్లిన కళ్ళాపి ఆరిపోయింది.

తొమ్మిదిన్నరకు ఒక ఖనిజం లారీ వచ్చి ఆ ముగ్గు మీదుగా ఎర్ర దుమ్ము కుమ్మరించుకుంటూ పోయింది. నాకు ఏడుపొచ్చింది. "పోనీలేవే, లారీవాడికి ముగ్గేం తెలుసు, వాళ్లొచ్చే వేళైంది, వదిలెయ్" అంది నాయనమ్మ. నేను వదల్లేదు. ఒక్కదాన్నే పెరట్లోకి పోయి, దుమ్ము అణగాలని పేడ ఇంకాస్త చిక్కగా కలిపి, రెండు బక్కెట్లు మలుపులో గుమ్మరించి, దాని మీద తడి ఆరకుండానే కొత్త ముగ్గు వేశాను. ముగ్గు మధ్యలో కన్నడంలో పదిహేడు అని రాశాను. అప్పటికే వంతెన అవతల పందెంవాళ్ల విజిల్ వినిపిస్తోంది. చెయ్యి కడుక్కునే తీరిక లేక, అలాగే మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఉప్పు మాత్రం రెండుసార్లు నాలిక మీద వేసుకుని చూసుకున్నాను.

అతనొక్కడే వస్తున్నాడు. వెనక కనుచూపు మేరలో ఎవరూ లేరు. మలుపు దగ్గర నన్ను చూశాడు, చెంబు చూశాడు, నవ్వుతూ ఒక చెయ్యి వదిలి ముందుకు చాపాడు. అంతవరకే నాకు తెలుసు. తర్వాత సైకిలు ఒక పక్కకు, అతనొక పక్కకు జారిపోయారు. నా చెంబు ఎప్పుడు పడిందో తెలియదు.

మోచెయ్యి, మోకాలు చీరుకుపోయాయి. ముందు చక్రం అప్పడంలా వంగింది, దాన్ని పట్టుకునే కడ్డీ విరిగింది. మగవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆ తడి మీద గంపలతో ఊక పోశారు, నాన్న తుండుగుడ్డ ఊపుతూ వెనకవాళ్లను నెమ్మదించమన్నాడు. రెండు నిమిషాల తర్వాత మిగతావాళ్లంతా ఆ ఊక మీదుగా ఒకరి వెనక ఒకరు క్షేమంగా దాటిపోయారు. అతను రోడ్డు అంచున కూర్చుని వాళ్లు వెళ్లడం చూశాడు. తర్వాత తన అరచేతికి అంటింది చూసుకున్నాడు. ఆపైన తల ఎత్తి నా చేతులు చూశాడు. ముంజేతుల దాకా పేడ, వేళ్లకు ముగ్గు.

ఇంతలో పందెం నడిపే పెద్దమనిషి మోటారుసైకిలు మీద వచ్చి దిగాడు. రోడ్డు మీద ఏం పోశారు, ఎవరు పోశారు అని కేకలు మొదలుపెట్టాడు. నాన్న నోరు తెరవబోయాడు. ఆయన ఇంటి పెద్ద, నా తప్పు తన నెత్తిన వేసుకోబోతున్నాడని నాకు అర్థమైంది. అప్పుడు అతను కూర్చున్నచోటి నుంచే అన్నాడు.

"ఎనుము అడ్డమొచ్చింది సార్. యాడిదో ఏమో."

"ఎనుమా? యాడుండాది మరి?"

"కాలవలోకి దిగిపాయ."

పెద్దమనిషి కాలవ వైపు చూశాడు. క్యాంపువాళ్లంతా, ఒకళ్లతో ఒకళ్లు అనుకోకుండానే, కాలవ వైపు చూశారు. అందులో గేదె లేదు, నీళ్లు తప్ప ఏమీ లేదు. ఆయన పుస్తకం తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. అతని మిల్లువాళ్ల బండి ఎక్కడో వెనక చెడిపోయి ఆగిందట, వేరే సైకిలు వచ్చేదాకా కూర్చుంటే పందెంలోంచి పేరు కొట్టేస్తారట. "ఎవురి కాడన్నా సైకిలుందా అప్పా" అని అడిగాడు. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా ఎర్ర మడుగార్డు సైకిలు తెచ్చి నిలబెట్టాడు. ఆ బరువు సైకిలు మీద, క్యారియరుతో సహా, కారుతున్న మోకాలితో అతను బళ్లారికి బయలుదేరాడు. గతుకు వచ్చినప్పుడల్లా గంట దానంతటదే మోగుతూ, అతను కనపడకుండా పోయాక కూడా కాసేపు వినిపించింది.

మర్నాడు బస్సు మీద సైకిలు తిరిగొచ్చింది. చైనుకు నూనె వేయించి, వంగిన మడుగార్డు సరిచేయించి పంపాడు. అందరికంటే ఆఖర్న, గంట ఆలస్యంగా చేరాడట. ఆ సాయంత్రం నేను గోడ మీది లెక్క కూడలేదు. పందెం ఇంకెవరో గెలిచారు, మిల్లులో ఖాయం ఇంకెవరికో అయింది. పేపరులో నాలుగు వరసలు పడ్డాయి, గేదె అడ్డం రావడంతో అని. అవి కూడా నాన్నకు నేనే చదివి వినిపించాను. నాన్న విని, సరే అన్నాడు.

విచిత్రమేమిటంటే పదేళ్లు గడిచేసరికి ఆ గేదె నిజమైపోయింది. ఎవరిదన్న దాని మీద క్యాంపులో ఇద్దరు వాదులాడుకున్నారు కూడా, మీది పొగరుబోతుదంటే మీది కట్టు తెంచుకునేదని. చూసినవాళ్లే కొమ్ము ఒకటి వంకరగా ఉండేదని చెప్పేవాళ్లు. నేను పక్కనే కూర్చుని వడ్లు చెరుగుతూ వినేదాన్ని. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ గేదె నా బదులు తిట్లు తింటూ ఉండిపోయింది.

మూడో ఏడు పందెం వచ్చినప్పుడు నేను రోడ్డును పొడిగా, గుడ్డతో తుడిచినట్టు ఊడ్చి, చెంబుతో నిలబడ్డాను. అందులో అతను లేడు. ఆ తర్వాత పందెమే ఆగిపోయింది. మిల్లు వదిలేసి కంప్లిలో సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని కండక్టరు రిటైరయ్యే ముందు చెప్పాడు. కంప్లి ఎంత దూరం, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. ఏటి స్నానానికి వెళ్లాను, పెళ్లిళ్లకు వెళ్లాను. సైకిలు కొట్టున్న వీధిలోకి మాత్రం వెళ్లలేదు. వెళ్లి ఏమనాలి? అతనికి తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. అయినా ఒకసారి వెళ్లి చెప్పి ఉండాల్సింది, ఉప్పు సరిపోయేలా వేశాననైనా. ఇప్పుడతను ఉన్నాడో లేడో.

ఇప్పుడు ఆ రోడ్డు మూడింతలు వెడల్పయింది, మలుపు సరిచేశారు, కళ్ళాపి చల్లాలంటే ట్యాంకరు కావాలి. వడ్లు మిషన్లలో ఆరుతున్నాయి. ఎక్కడెక్కడి పందేలో మంచం మీద పడుకుని చూస్తున్నాం, మనం ఇష్టపడే మనిషి మన వల్ల పడిపోతాడన్న భయం లేదు, అతనికి మన చెంబుతో మజ్జిగ ఇచ్చే యోగమూ లేదు. పడ్డవాళ్లను పదిసార్లు చూపిస్తారు, పడేసినవాళ్లను వందసార్లు చూపిస్తారు. ఆ జెండా ఆవిడ ముఖం నాకు ఇంకా కళ్లలోనే ఉంది; అది పద్నాలుగేళ్ల పిల్ల ముఖమంత తెల్లబోయి ఉంది. అన్ని కెమెరాల మధ్య ఆవిడ కోసం అబద్ధమాడే వీలు పడ్డవాళ్లకు కూడా లేదు.

ఇంతవరకూ రాయించి, మొన్న నువ్వు ఫోనులో రాసింది తీసెయ్యవే అన్నాను మనవరాలితో.

"వేలమంది రాసినారు అమ్మమ్మా, నాదొక్కటి తీసేస్తే ఏమైతాది?"

ఏమీ కాదన్నాను. ఆ రోజు కాలవలోకి దిగిన గేదె కూడా ఒక్కటే కదా అన్నాను. పిల్ల కలం పక్కన పెట్టి, ఫోను చేతిలోకి తీసుకుంది.